ఎయిర్‌పోర్టుల మధ్య దూరం ఒక్కటే, వెళ్ళేటప్పుడు ఒక సమయం, వచ్చేటప్పుడు ఇంకో సమయం. ఏ లెక్క నమ్మాలి?

నీలిరెక్క
(సెప్టెంబర్ 14, 2025)

అందరికీ నమస్కారం. అమ్మ వచ్చే నెల మొదటి వారంలో లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ కెన్నెడీకి ఒక్కతే వెళ్తోంది. అక్కడ తమ్ముడు వచ్చి తీసుకుంటాడు. వాడు ఎన్నింటికి వెళ్ళి నిలబడాలో చెప్పాల్సింది నేను. నిన్న రాత్రంతా కూర్చుని దూరం, సమయం వెతికాను, చూసిన కొద్దీ అయోమయం పెరిగింది తప్ప తగ్గలేదు.

ఒక సైట్‌లో దూరం 5,540 అని ఉంది, ఇంకోదాంట్లో 5,570, మూడోదాంట్లో 2,991. ప్రయాణ సమయం 6 గంటల 40 నిమిషాలు అని ఒకచోట రాశారు. టికెట్‌లో చూస్తే ఉదయం 11కి బయల్దేరి మధ్యాహ్నం 2కి దిగుతుందని ఉంది, మూడు గంటలేనా అని అమ్మ ఆశ్చర్యపోయింది. తిరుగు టికెట్‌లో సాయంత్రం 7కి బయల్దేరి మర్నాడు ఉదయం 6కి లండన్ చేరుతుందట. అమ్మకి ఒంటరి ప్రయాణం ఇదే మొదటిసారి, నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కిటికీసీటు

నీలిరెక్క గారూ, మీరు చూసిన మూడు దూరాల్లో ఏదీ తప్పు కాదు. 5,540 అనేది హీత్రో నుంచి కెన్నెడీకి, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి, కిలోమీటర్లలో. 5,570 లండన్ ఊరి నడిబొడ్డు నుంచి న్యూయార్క్ నడిబొడ్డుకి. 2,991 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కి.మీ., గుణించి చూడండి, 5,540 దగ్గరే తేలుతుంది. మామూలు మైళ్ళలో అయితే 3,442. కాబట్టి అంకె కంటే ముందు దాని పక్కన ఏ కొలత రాశారో, అది ఊరి పేరా ఎయిర్‌పోర్ట్ పేరా అన్నది చూడాలి. ఒకే ఊరికి రెండు మూడు ఎయిర్‌పోర్టులు ఉన్నచోట ఇది ఇంకా ముఖ్యం. టోక్యోకి హనేడా ఊళ్ళోనే ఉన్నట్టు, నరీటా ఏమో ఊరికి 60 కి.మీ. అవతల.

టికెట్‌లో బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. లండన్‌కీ న్యూయార్క్‌కీ 5 గంటల తేడా. న్యూయార్క్ వెనక. అంటే వెళ్ళేటప్పుడు 3కి 5 కలపండి, 8 గంటలు. వచ్చేటప్పుడు 11లోంచి 5 తీసేయండి, 6 గంటలు.

నీలిరెక్క

చాలా థాంక్స్ అండి. దూరం సంగతి అర్థమైంది. కానీ ఒకవైపు 8, ఒకవైపు 6 ఏమిటి? దారి ఒక్కటే కదా. ఒకవైపు రెండు గంటలు ఎక్కువ పడుతుందంటే ఎక్కడైనా ఆగుతుందా?

గోళలెక్క

ఆగదు. సమయం గురించి వేరేవాళ్ళు చెప్తారు, ఈ 5,540 ఎలా వస్తుందో నేను చెప్తాను, ఎందుకంటే సొంతంగా లెక్క వేసుకోగలిగితే ఏ సైట్‌నీ నమ్మాల్సిన పని ఉండదు.

భూమి గోళం కాబట్టి రెండు చోట్ల మధ్య అతి దగ్గర దారి మహావృత్తం మీద ఉంటుంది. అంటే ఆ రెండు బిందువులనీ భూమి మధ్య బిందువునీ కలుపుతూ గోళాన్ని సరిగ్గా సగానికి కోస్తే, కోసిన అంచు. దీన్ని కొలవడానికి అక్షాంశాలు, రేఖాంశాలు తెలిస్తే చాలు. హీత్రో 51.47 ఉత్తరం, 0.45 పడమర. కెన్నెడీ 40.64 ఉత్తరం, 73.78 పడమర. రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి, 0.5095. రెండు అక్షాంశాల కాస్‌లనీ, రేఖాంశాల తేడా 73.33 డిగ్రీల కాస్‌నీ కలిపి గుణించండి, 0.1356. రెండూ కూడితే 0.6451. ఏ కోణానికి కాస్ విలువ ఇంత ఉంటుందో చూస్తే దాదాపు 49.8 డిగ్రీలు. భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.2 కి.మీ. గుణిస్తే 5,540 దగ్గరికి వచ్చేస్తాం. స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్ళు డిగ్రీలని రేడియన్లలోకి మార్చడం మర్చిపోకండి, నేను మొదటిసారి చేసినప్పుడు అక్కడే రెండు రోజులు పోగొట్టుకున్నాను, లెక్క సూత్రంలోనే తప్పుందనుకుని తిరగేస్తూ కూర్చున్నాను.

ఇంకో మాట. భూమి నిఖార్సైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర 6,357. అందుకే గోళం అనుకుని వేసిన లెక్కకీ అసలు ఆకారం లెక్కకీ అర శాతం దాకా తేడా రావచ్చు. రెండు సైట్‌లలో పది ఇరవై కిలోమీటర్ల తేడా కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే, కంగారు పడక్కర్లేదు.

మామూలు గోడ పటం మీద స్కేలు పెట్టి కొలవడం మాత్రం వద్దు. మెర్కేటర్ 1569లో గీసిన పద్ధతిలోని పటాలు ధ్రువాల వైపు వెళ్ళే కొద్దీ నేలని సాగదీస్తాయి, అందుకే గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. ఆ పటం మీద విమానం దారి విల్లులా వంగినట్టు కనిపిస్తుంది. చేతిలో గ్లోబు పట్టుకుని దారం బిగించి చూడండి, అదే తిన్నని దారి.

సూటిమాట

ఇంత లెక్క ఎందుకండీ. దూరాన్ని 900తో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపితే సరి. 5,540 బై 900 అంటే 6 గంటల 9 నిమిషాలు, అరగంట కలిపితే 6.40. ఆవిడ చూసిన సైట్ కూడా అదే చెప్తోంది. ఏళ్ళ తరబడి నేను ఇలాగే చూసుకుంటున్నాను.

పడమటిగాలి

సూటిమాట గారూ, ఆ లెక్క ఒక అంచనాకి పనికొస్తుంది, కానీ దాన్ని పట్టుకుని ఎవరినైనా ఎయిర్‌పోర్ట్‌కి పంపడం మంచిది కాదు. విమానాలకి రూట్లు, ఇంధనం లెక్కలు వేసే పనిలో కొన్నేళ్ళు ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

విమానం వేగం గాలిని బట్టి కొలుస్తారు, నేలని బట్టి కాదు. గంటకి 890 కి.మీ. అంటే తన చుట్టూ ఉన్న గాలిలో 890. ఆ గాలే కదులుతుంటే? 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకి సన్నగా, నదిలా పారే గాలులు ఉంటాయి, వాటినే జెట్ స్ట్రీమ్ అంటారు. పెద్ద విమానాలు ఎగిరేది సరిగ్గా ఆ ఎత్తులోనే. లండన్ నుంచి న్యూయార్క్ అంటే పడమరకి ప్రయాణం, దారంతా ఎదురుగాలి. సగటున 100 కి.మీ. ఎదురుగాలి అనుకోండి, నేల మీద వేగం 790, 5,540 కి.మీ.కి 7 గంటలు. తిరుగు దారిలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది, వేగం 990, అప్పుడు 5 గంటల 36 నిమిషాలు. దూరం పిసరంత మారలేదు, గంటన్నర తేడా వచ్చేసింది.

చాలామంది వెళ్ళేటప్పుడు నష్టం, వచ్చేటప్పుడు లాభం, రెండూ కలిపితే చెల్లుకి చెల్లు అనుకుంటారు. చెల్లదు. గాలి లేకపోతే రానూపోనూ 12 గంటల 27 నిమిషాలు, పై లెక్కలో 12 గంటల 37 నిమిషాలు అయింది. ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం. గాలి ఎంత బలంగా ఉంటే ఈ నష్టం అంత పెరుగుతుంది.

ఉత్తరార్ధగోళంలో చలికాలం ఈ గాలులు ముదురుతాయి. అందుకే అదే ఫ్లైట్‌కి జనవరిలో ఒక సమయం, జూలైలో ఒక సమయం టైమ్‌టేబుల్‌లో వేస్తారు. అట్లాంటిక్ మీద అయితే రోజూ గాలి చూసి దారులే కొత్తగా గీస్తారు. కెనడా వైపు గాండర్, ఇటువైపు షాన్‌విక్ అని రెండు కంట్రోల్ కేంద్రాలు ఆ పని చేస్తాయి. పడమరకి వెళ్ళేవాటిని జెట్ స్ట్రీమ్‌కి దూరంగా, తూర్పుకి వచ్చేవాటిని దాని మీదుగా. మీ అమ్మగారు వెళ్ళే దారీ వచ్చే దారీ నిజానికి ఒక్కటే కాదన్నమాట. ఇవాళ విమానం వెళ్ళిన దారిలో రేపటి విమానం వెళ్ళకపోవచ్చు.

ప్రశ్నలపుట్ట

నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న డౌట్. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, మరి విమానం పడమరకి వెళ్తే న్యూయార్కే ఎదురు రావాలి, త్వరగా చేరాలి. జరుగుతున్నది తలకిందులుగా ఉందేంటి?

గోళలెక్క

మంచి ప్రశ్న. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకి దాదాపు 1,670 కి.మీ. వేగంతో తిరుగుతోంది. కానీ భూమి ఒక్కటే తిరగడం లేదు, దాన్ని అంటిపెట్టుకుని గాలీ తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడ్డ విమానమూ తిరుగుతోంది. గాల్లోకి లేచినంత మాత్రాన ఆ వేగం పోదు. పరిగెత్తే రైల్లో ఎగిరి చూడండి, లేచిన చోటే దిగుతారు, వెనక పెట్టెలో పడరు. అలాగే.

అయితే భూభ్రమణానికి దీంతో అసలు సంబంధం లేదనీ కాదు. వేడి గాలి భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు కదులుతుంది. అక్కడికి వెళ్ళే కొద్దీ కింద నేల తిరిగే వేగం తక్కువ, గాలి మాత్రం తనతో తెచ్చుకున్న వేగంతోనే ఉంటుంది, కాబట్టి తూర్పుకి మళ్ళుతుంది. జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకి పారడానికి మూలం అక్కడుంది. కాబట్టి భూమి తిరగడం వల్ల లాభపడేది తూర్పుకి వెళ్ళేవాళ్ళే.

ఈ గాలుల్ని మొదట పద్ధతిగా కొలిచినవాడు వాసాబురో ఓయిషి అనే జపాన్ శాస్త్రవేత్త, 1920లలో, బెలూన్లు వదిలి. తన ఫలితాల్ని 1926లో ఎస్పరాంటో భాషలో అచ్చువేశాడు, ప్రపంచమంతా చదవాలని. చదివినవాళ్ళు దాదాపు లేరు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మీదికి వెళ్ళిన అమెరికా బాంబర్ల పైలట్లు ఆ గాలుల్లో చిక్కుకున్నాకే మిగతా ప్రపంచం పట్టించుకుంది. అంత పని చేసినవాడి మాట ఇన్నేళ్ళు ఎవరికీ చేరలేదంటే నాకు ఇప్పటికీ బాధ వేస్తుంది.

కిటికీసీటు

పడమటిగాలి గారు చెప్పినదానికి నిదర్శనం కావాలంటే 2020 ఫిబ్రవరి చూడండి. తుపాను గాలి వెనక నుంచి తోస్తే న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 కేవలం 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద వేగం ఒక దశలో గంటకి 1,327 కి.మీ. తాకింది.

ప్రశ్నలపుట్ట

1,327 అంటే ధ్వని వేగం దాటినట్టే కదా? మరి విమానానికి ఏమీ కాలేదా?

పడమటిగాలి

దాటలేదండి. మళ్ళీ అదే మాట, విమానం అనుభవించేది గాలిలో వేగాన్నే. నేల దగ్గర ధ్వని వేగం గంటకి 1,225 కి.మీ. చలి పెరిగితే అది తగ్గుతుంది, 11 కి.మీ. ఎత్తులో మైనస్ 56 డిగ్రీల చలిలో 1,062 దగ్గరుంటుంది. 747 అందులో 85 శాతం వేగంతో పోతుంది, అంటే 900 చిల్లర. మిగతా 400 పైచిలుకు గాలి ఇచ్చింది. లోపల కూర్చున్నవాళ్ళకి తేడా తెలియదు, గడియారం చూసుకుంటే తప్ప.

ధ్వనిని నిజంగా దాటి ప్రయాణికులతో అట్లాంటిక్ మీద తిరిగింది కాన్కార్డ్. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కి 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లు. 2003లో దాన్ని ఆపేశారు. ఈ రోజు కొత్త విమానం ఎక్కినా అంతకంటే త్వరగా చేరలేం.

చుక్కలదారి

గాలి గురించి బాగా చెప్పారు. కానీ దూరం కూడా స్థిరం కాదని నేనంటాను. మహావృత్తం దూరం అనేది కాగితం మీది అతి తక్కువ దూరం. విమానం అంత తక్కువలో వెళ్ళడం అరుదు.

హెల్సింకి నుంచి టోక్యో తీసుకోండి. మహావృత్తం 7,800 కి.మీ. దగ్గరుంటుంది, రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో పోయేవారు. 2022లో రష్యా గగనతలం మూసేశాక 13 గంటల దాకా వెళ్ళింది. కొన్ని ఫ్లైట్లు ఉత్తర ధ్రువం మీదుగా తిప్పారు. 1983లో ఫిన్లాండ్ విమాన కంపెనీ ఫిన్‌ఎయిర్ టోక్యోకి ఆగకుండా వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు, అప్పుడు సోవియట్ గగనతలం దొరక్క ధ్రువం మీదుగానే పోయింది, అప్పుడూ 13 గంటల దగ్గరే. నలభై ఏళ్ళకి మళ్ళీ అక్కడికే వచ్చారు. రెండు ఎయిర్‌పోర్టులూ ఉన్నచోటే ఉన్నాయి, మధ్యలో దేశాల సంబంధాలు మారాయి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఇంకోటి ఉంది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో. ఎయిర్ ఇండియా అట్లాంటిక్ మీదుగా 13,900 కి.మీ. పోయేది. 2016 అక్టోబర్‌లో పసిఫిక్ మీదుగా తిప్పి 15,300 కి.మీ. వెళ్ళింది, 1,400 కి.మీ. ఎక్కువ, అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, మునుపటికంటే దాదాపు రెండు గంటలు ముందు. తూర్పుకి వెళ్ళింది కాబట్టి గాలి మోసుకెళ్ళింది. ఎక్కువ దూరం, తక్కువ సమయం. దూరాన్ని వేగంతో భాగించేవాళ్ళకి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇంకా కారణాలున్నాయి. రెండు ఇంజన్ల విమానం సముద్రం మీద ఒక ఇంజన్ ఆగిపోతే ఫలానా సమయంలోపు దిగగలిగే ఎయిర్‌పోర్ట్ అందుబాటులో ఉండేలా దారి వేయాలి. పూర్వం ఆ గడువు 60 నిమిషాలు, 1985లో 120 చేశారు, ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. గడువు పెరిగే కొద్దీ దారి తిన్ననవుతూ వచ్చింది. టిబెట్ పీఠభూమి మీదుగా దారి తక్కువైనా చాలా విమానాలు చుట్టూ పోతాయి, ఎందుకంటే లోపల గాలి పీడనం పడిపోతే వెంటనే 10,000 అడుగులకి దిగాలి, అక్కడ నేలే అంతకంటే ఎత్తులో ఉంది.

సూటిమాట

ఒప్పుకుంటున్నాను, ఢిల్లీ సంగతి నాకు తెలియదు. అయితే చిన్న దూరాలకి నా లెక్క పనిచేస్తుంది కదా? అక్కడ గాలి ప్రభావం తక్కువ.

పడమటిగాలి

చిన్న దూరాలకే ఇంకా తప్పుతుందండి. అక్కడ ఎగిరే సమయం కంటే నేల మీద గడిపే సమయం పెద్దది. ప్రపంచంలో అతి చిన్న షెడ్యూల్డ్ ఫ్లైట్ స్కాట్లాండ్‌లో వెస్ట్రే, పాపా వెస్ట్రే ద్వీపాల మధ్య ఉంది, 2.7 కి.మీ. మీ లెక్కలో అరగంట పైన రావాలి. నిజానికి రెండు నిమిషాల లోపే, గాలి బాగుంటే 53 సెకన్లలో దిగిన రికార్డు ఉంది. ఇటు చివర సింగపూర్, న్యూయార్క్ మధ్య 15,300 కి.మీ. పైన, పద్దెనిమిదిన్నర గంటల పైమాటే. ఈ రెండింటికీ ఒకే అరగంట ఎలా సరిపోతుంది చెప్పండి. రద్దీ ఎయిర్‌పోర్ట్ అయితే రన్‌వే దాకా వెళ్ళి వరుసలో నిలబడడానికే ఇరవై, ముప్ఫై నిమిషాలు పోతాయి. దిగేటప్పుడు హీత్రోలో అయితే బోవింగ్‌డన్, లాంబోర్న్, ఆకమ్, బిగిన్ అని నాలుగు చోట్ల విమానాల్ని గాల్లోనే గుండ్రంగా తిప్పుతూ ఒక్కోదాన్ని పిలుస్తారు. ఆ చుట్లు ఏ దూరం పట్టికలోనూ కనబడవు.

నిదానం

నీలిరెక్క గారూ, నేను దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను. నాలుగేళ్ళ కింద మధ్యలో విమానం మారే ప్రయాణం. ఎగిరే సమయం 4 గంటల 10 నిమిషాలు అని ఒక సైట్‌లో చూసి, బయల్దేరే సమయానికి అది కలిపి, రెండో విమానానికి గంటా నలభై నిమిషాలు ఖాళీ ఉందని ధైర్యంగా విడి విడిగా రెండు టికెట్లు కొన్నాను. మొదటి విమానం గేటు వదిలాక రన్‌వే దగ్గర అరగంట నిలబడింది. దిగాక గేటు ఖాళీ లేక ఇంకో పావుగంట. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి బోర్డింగ్ మూసేశారు, విమానం ఇంకా గాజు అవతల కళ్ళ ముందే ఉంది. వేరు వేరు టికెట్లు కాబట్టి బాధ్యత మాది కాదన్నారు. ఆ రాత్రి కుర్చీలో కూర్చుని ఏడ్చాను, ఎందుకంటే మర్నాడు పొద్దున చేరాల్సింది ఇంట్లో ఒకరి ఆఖరి చూపుకి.

అప్పటి నుంచి నేను చూసేది ఒక్కటే, బ్లాక్ టైమ్. గేటు దగ్గర చక్రాల కింద దిమ్మలు తీసినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర మళ్ళీ పెట్టేదాకా. టికెట్‌లో ఉండేది అదే. కంపెనీలు దాంట్లో కాస్త జాగా ఉంచే వేస్తాయి, అందుకే కొన్నిసార్లు ముందే దిగేస్తాం. ఎగిరే సమయం చూసి దేన్నీ నిర్ణయించుకోకండి. టికెట్‌లో బయల్దేరే సమయం అంటే విమానం కదిలే సమయం, మనం లోపలికి వెళ్ళే సమయం కాదు, తలుపులు అంతకుముందే మూస్తారు. చేరే సమయం అంటే విమానం ఆగే సమయం. అమ్మగారు ఇమిగ్రేషన్ దాటి సామాను తీసుకుని బయటికి రావాలంటే దాని పైన గంట, గంటన్నర వేసుకోండి.

ఇంకోటి, చిన్న సలహా. అమ్మగారిని చేతి గడియారం మార్చొద్దనండి. విమానంలో కూర్చున్నప్పుడు ఏ టైమ్ ఉందో దిగేదాకా అదే టైమ్. 11కి బయల్దేరింది, 8 గంటలు అన్నారు కాబట్టి తన గడియారంలో 7కి దిగుతాను అనుకుంటే చాలు. ఇంకా ఎంతసేపు ఉందో తెలియకపోవడమే పెద్దవాళ్ళని ఎక్కువ కంగారు పెడుతుంది.

నీలిరెక్క

నిదానం గారూ, మీకు జరిగింది చదివి మనసు ఏదోలా అయింది. ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. గడియారం సంగతి అమ్మకి ఫోన్‌లో చెప్పేశాను, ఆవిడకి వెంటనే నచ్చింది.

పడమటిగాలి

నాకు మొదటి నుంచీ ఒక్కటి తేడా కొడుతోంది. కిటికీసీటు గారు తిరుగు ప్రయాణం 6 గంటలని తేల్చారు. గాల్లో 6 గంటలంటే నమ్ముతాను, గేటు నుంచి గేటుకి 6 గంటలని ఈ దారిలో ఎవరూ టైమ్‌టేబుల్ వేయరు, 7కి అటూ ఇటూ ఉంటుంది. నీలిరెక్క గారూ, తిరుగు ప్రయాణం తేదీ ఎంత?

నీలిరెక్క

అక్టోబర్ 29 సాయంత్రం. 30 ఉదయం లండన్‌లో దిగుతుంది.

పడమటిగాలి

అదే అనుకున్నాను. బ్రిటన్‌లో గడియారాలు అక్టోబర్ ఆఖరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు, ఈ ఏడాది 26న. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం, అంటే నవంబర్ 2న. మధ్యలో ఉన్న ఆ ఒక్క వారం రెండు ఊళ్ళ మధ్య తేడా 5 గంటలు కాదు, 4. కాబట్టి 11లోంచి 4 తీసేయాలి. 7 గంటలు. ఇప్పుడు సరిపోయింది. మార్చిలో కూడా ఇలాగే రెండు మూడు వారాలు వస్తాయి, అమెరికా ముందే మార్చేస్తుంది కాబట్టి.

కిటికీసీటు

నా పొరపాటే, క్షమించండి. తేదీ అడగకుండా 5 అని రాసేశాను. ఈ దారిలో ఎన్నోసార్లు తిరిగాను కానీ ఆ వారంలో ఎప్పుడూ పడలేదు.

చుక్కలదారి

ఇది చాలామందికి తగిలే దెబ్బ. అందుకే నేను రెండు సమయాల్నీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒక్కటే అయిన ప్రామాణిక సమయంలోకి, మార్చుకుని తీసివేస్తాను. తేదీ రేఖ దాటే ప్రయాణాల్లో అయితే ఇది తప్ప వేరే దారి లేదు. టోక్యోలో సాయంత్రం ఎక్కి లాస్ ఏంజెలిస్‌లో అదే రోజు పొద్దున దిగుతారు. మామూలు తీసివేతలో మైనస్ వస్తుంది.

గోళలెక్క

సూటిమాట గారు మళ్ళీ కనబడలేదు, నొచ్చుకున్నారేమో. మహావృత్తం దూరం దండగ అని ఎవరూ అనడం లేదండి, దాని పని దానికి ఉంది. ప్రయాణం వల్ల ఎంత కార్బన్ వెలువడిందో లెక్కించేటప్పుడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఈ దూరాన్నే తీసుకుని, చుట్టు తిరుగుడు కోసం కొంత కలుపుతుంది, 550 కి.మీ. లోపు అయితే 50, 5,500 దాకా 100, ఆ పైన 125. యూరప్‌లో ఫ్లైట్ బాగా ఆలస్యమైతే ఇచ్చే పరిహారం కూడా 1,500, 3,500 కి.మీ. అనే హద్దుల్ని బట్టి మారుతుంది, అక్కడా మహావృత్తం దూరమే లెక్క. విమానం నిజంగా ఎంత చుట్టు తిరిగిందన్నది అడగరు. ఇక ఎప్పుడు చేరినట్టు లెక్క అన్నదాని మీద 2014లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది, చక్రాలు నేలకి తాకినప్పుడు కాదు, గేటు దగ్గర ఆగినప్పుడూ కాదు, కనీసం ఒక తలుపు తెరుచుకున్నప్పుడు. నాకు ఆ తీర్పు చాలా న్యాయంగా అనిపించింది. తలుపు తెరిచేదాకా మనం ఇంకా ప్రయాణంలోనే ఉన్నాం.

సూటిమాట

నొచ్చుకోలేదు, చదువుతున్నాను. మా అమ్మాయి డిసెంబర్‌లో పడమటి వైపు వెళ్తోంది, టికెట్ తీసి బ్లాక్ టైమ్ చూశాను, నా లెక్క కంటే గంటా పది నిమిషాలు ఎక్కువ ఉంది. ఆ పరిహారం సంగతి కూడా దాచుకున్నాను.

నీలిరెక్క
(అక్టోబర్ 7, 2025)

అమ్మ క్షేమంగా చేరింది. అందరికీ చెప్పాలనిపించి వచ్చాను. విమానం ఎక్కడుందో చూపే ట్రాకర్ పెట్టుకుని కూర్చున్నాను, రాసి పెట్టిన అంకెలు ఇవి. గేటు వదిలింది 11.08కి, నేల విడిచింది 11.31కి. గాల్లో 7 గంటల 15 నిమిషాలు. న్యూయార్క్ సమయం 1.46కి దిగింది, 1.58కి గేటు దగ్గర ఆగింది. అంటే గేటు నుంచి గేటుకి 7 గంటల 50 నిమిషాలు, టికెట్‌లో ఉన్న 8 గంటలకి ఎంత దగ్గరో చూడండి. దారి మాత్రం సైట్‌లో గీసిన గీత మీద లేదు, బాగా ఉత్తరానికి పోయింది, ఎదురుగాలి తప్పించుకోవడానికే అని ఇప్పుడు అర్థమవుతోంది. తమ్ముడికి మూడింటికి వెళ్ళమని చెప్పాను, అమ్మ 3.20కి బయటికి వచ్చింది.

పడమటిగాలి

చాలా సంతోషం. తిరుగు ప్రయాణం అంకెలు కూడా రాయండి.

నీలిరెక్క
(అక్టోబర్ 30, 2025)

రాస్తున్నాను. ఈసారి గాల్లో 5 గంటల 53 నిమిషాలే. ఉదయం 5.52కి గేటు దగ్గర ఆగింది, ఎనిమిది నిమిషాలు ముందే.

ట్రాకర్‌లో ఇవన్నీ చూసుకుని నేను ఫోన్ చేసేలోపే అమ్మ చేసింది. గడియారం న్యూయార్క్ టైమ్ మీదే ఉంచుకుందట. "కదిలినప్పుడు ఏడూ పది, ఆగినప్పుడు రెండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ, ఆరు గంటల నలభై రెండు నిమిషాలు, సరిగ్గా వేశానా?" అని అడిగింది. నేను కాగితం తీసి చూశాను. సరిగ్గా అంతే ఉంది.